కారణం చెప్పకుండా పంపేసినవాళ్ళు

నాకు అమెరికా పౌరసత్వం వచ్చిన కొద్దికాలానికే, ఎనభైల మొదట్లో, కౌంటీ కోర్టు నుంచి జ్యూరీ డ్యూటీకి రమ్మని పిలుపొచ్చింది. అప్పటికి మేం డెట్రాయిట్ శివార్లలో ఉంటున్నాం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేదాన్ని. కోర్టంటే నాకు తెలిసింది చిన్నప్పుడు తెనాలిలో చూసిన మున్సిఫ్ కోర్టు ఒక్కటే. నల్లకోట్ల ప్లీడర్లు, వరండాలో చుట్టలు కాల్చుకుంటూ కూర్చున్న పార్టీలు, గొంతు చించుకుని పేర్లు పిలిచే బంట్రోతు. అక్కడ తీర్పు చెప్పేది జడ్జిగారు. ఇక్కడ పన్నెండుమంది మామూలు మనుషులు ఒక గదిలో కూర్చుని, ఎదుటివాడు నేరం చేశాడో లేదో తేలుస్తారట. ఆ పన్నెండుమందిలో నేనూ ఉండొచ్చని తెలిసినప్పుడు, దాచడమెందుకు, గర్వంగానే అనిపించింది.

ఆ ఆదివారమే ఆ గర్వానికి మొదటి దెబ్బ తగిలింది. అప్పట్లో మా తెలుగువాళ్ళకి వేరే చర్చి లేదు. నెలకోసారి ఎవరో ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో చేరి, తెలుగులో పాటలు పాడుకుని, ప్రార్థన చేసుకుని, కలిసి భోంచేసేవాళ్ళం. భోజనాల దగ్గర జ్యూరీ సంగతి చెప్పాను. అందరూ తప్పించుకునే దారులు చెప్పడం మొదలుపెట్టారు. ఒకావిడ డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చుకోమంది. ఇంకొకాయన, తీర్పు తీర్చకూడదని మన మతం చెబుతుందని చెప్పెయ్యమన్నాడు. మాలో పెద్దాయన, అందరం అన్నయ్యగారూ అని పిలిచే ఆయన, చేపల పులుసు కలుపుకుంటూ తాపీగా అన్నాడు.

"ఇంగ్లీష్ సరిగా రాదని చెప్పెయ్యమ్మా, వాళ్ళే పంపించేస్తారు. అక్కడికొచ్చేవన్నీ నల్లోళ్ళ కేసులే. వాళ్ళ గొడవలు మనకెందుకు?"

ఆయనది మా పక్క ఊరు. ఆయన తండ్రీ మా నాన్నా ఒకే మిషన్ బడిలో చదువుకున్నారు. ఊరి కాఫీ హోటల్లో వాళ్ళిద్దరికీ గ్లాసులు బయట చూరు కింద విడిగా ఉండేవి. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి రావాలి. ఈ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన నోటినుంచి ఆ మాట వింటుంటే నా కంచంలో అన్నం వెగటు కొట్టింది. ప్లేటు తీసుకెళ్ళి సింక్‌లో పెట్టి, నీళ్ళు తిప్పి, అవసరం లేకపోయినా చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

దారిలో కారు నడుపుతూ మా ఆయన, "ఆయన మాటలకేంగానీ, నువ్వు వెళ్ళు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పు," అన్నారు.

నవంబరు నెల. కోర్టు కింది అంతస్తులో జ్యూరర్ల హాలు నిండా సిగరెట్ పొగ. మూలన టీవీ మోగుతోంది. నా పక్కన నా ఈడుదే ఒక నల్లజాతి ఆవిడ కూర్చుంది. హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతుందట. నేను ల్యాబ్‌లో చేస్తానని తెలిసి ఉత్సాహంగా ఇటు తిరిగింది. ఇంకా పిపెట్ గొట్టంలోకి ద్రవాన్ని నోటితోనే పీలుస్తున్నారా అని అడిగింది. మానేశామని, కానీ మొదట్లో ఒకసారి ఎవరిదో రక్తపు సీరం నోట్లోకి వచ్చిందని చెప్పాను. ఆవిడ మొహం వికారంగా పెట్టి, తర్వాత పగలబడి నవ్వింది. తన క్లాసు పిల్లలకి ఉప్పునీళ్ళతోనే నేర్పుతానని, వాళ్ళ మొహాలు చూసి పాస్ మార్కులు వేస్తానని చెప్పింది. ఈ దేశం వచ్చాక ఒక కొత్త మనిషితో అంత తేలిగ్గా నేను మాట్లాడింది ఆ రోజే అనుకుంటాను.

కాసేపటికి మమ్మల్ని పెద్ద గుంపుగా పై అంతస్తులో కోర్టు గదిలోకి తీసుకెళ్ళారు. ముద్దాయి ఇరవై దాటిన నల్లజాతి యువకుడు. ఎవరిదో అరువు కోటు వేసుకున్నట్టున్నాడు, భుజాల దగ్గర వేలాడుతోంది. సాయంత్రం చీకటిపడే వేళ ఒక పెట్రోలు బంకులో కేషియర్‌కి కత్తి చూపించి డబ్బు ఎత్తుకెళ్ళాడని అతని మీద కేసు. అతని తరఫున కోర్టువారే పెట్టిన లాయరు, నలిగిన సూటు, అలిసిన కళ్ళు. ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్ మాత్రం చిన్నవాడు, చక్కగా దువ్విన తల, నోరు తెరిస్తే మర్యాద.

జడ్జి మాకు పద్ధతి వివరించాడు. ముందు కొందరిని జ్యూరీ బాక్సులో కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ముద్దాయికి చుట్టమో, పక్షపాతం ఉందని పైకే చెప్పినవాడో అయితే, ఆ కారణం చూపించి పంపించేస్తారు. అది కాక ఇద్దరు లాయర్లకీ ఇంకో హక్కుంది. దాన్ని పెరెంప్టరీ ఛాలెంజ్ అంటారు. కొంతమందిని ఏ కారణమూ చెప్పకుండానే తీసేయవచ్చు. జడ్జి కూడా ఎందుకని అడగడు. ఎవర్నైనా అలా పంపిస్తే దాన్ని అవమానంగా తీసుకోవద్దని జడ్జి నవ్వుతూ చెప్పాడు. మేమూ నవ్వాం.

మొదట పిలిచినవాళ్ళలో ఒక ముసలాయన ఉన్నాడు. నల్లజాతి మనిషి, చర్చికి వచ్చినట్టు సూటూ టై కట్టుకుని వచ్చాడు. ఫౌండ్రీలో రిటైరయ్యాడట. పోలీసుల మాట నమ్ముతారా అని అడిగితే, నిజం చెబితే నమ్ముతాను అన్నాడు. ప్రాసిక్యూటర్ లేచి, "మీరు వచ్చినందుకు కృతజ్ఞతలు, ఇక వెళ్ళవచ్చు," అన్నాడు. ముసలాయన ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, టోపీ తీసుకుని దిగి వెళ్ళిపోయాడు. ఆ జవాబు నచ్చలేదేమో అనుకున్నాను. తర్వాత కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక నల్లజాతి కుర్రాడు. అతనికీ అదే కృతజ్ఞత. వయసు చిన్నదని కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత ఒక నల్లజాతి నర్సు. ప్రతిసారీ నేనే ఆ ప్రాసిక్యూటర్ కోసం ఒక కారణం వెతికిపెడుతూ వచ్చాను.

నన్నూ బాక్సులో కూర్చోబెట్టాక కెమిస్ట్రీ టీచర్‌ని పిలిచారు. ఆవిడ జవాబులు ఎంత నిదానంగా, ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, నా మీద కేసుంటే ఈవిడే తీర్పు చెప్పాలని అనుకున్నాను. వాళ్ళన్నయ్య పోలీసు శాఖలోనే పనిచేస్తాడట. తన ఇంట్లో దొంగలు కూడా పడ్డారట. అయినా ఈ కేసు సాక్ష్యం బట్టే చూస్తానంది. ఆవిడకంటే ప్రాసిక్యూటర్‌కి కావలసిన మనిషి ఎవరుంటారు? అతను చిరునవ్వుతో లేచాడు. కృతజ్ఞతలు చెప్పాడు. వెళ్ళవచ్చన్నాడు.

ఈసారి నాకు ఏ కారణమూ దొరకలేదు. ఆవిడ బాక్సు దిగుతూ నా వైపు చూసి కనుబొమలు కొంచెం ఎత్తింది. అంతే. ఆశ్చర్యపోయిన మొహం కాదు అది.

డిఫెన్స్ లాయరు లేచి జడ్జితో ఏదో అన్నాడు. జడ్జీ, లాయర్లిద్దరూ లోపలి గదిలోకి వెళ్ళి కాసేపటికి బయటికొచ్చారు. డిఫెన్స్ లాయరు మొహం ఎర్రగా ఉంది. నన్ను బాక్సులోకి పిలిచినప్పుడే ప్రశ్నలడిగి ఉన్నారు. ఈ దేశం ఎలా ఉందని ప్రాసిక్యూటర్ అడిగాడు, బాగుందన్నాను. రోజూ రక్తం చూసే మనిషి కాబట్టి ధైర్యవంతురాలన్నమాట అని ఒక జోకు వేశాడు. లోపలినుంచి వచ్చి, టీచర్ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టాక అతను మా వంక ఓసారి చూసి, ఈ జ్యూరీ తనకు సమ్మతమే అని చెప్పాడు. నేను అటూ ఇటూ చూశాను. బాక్సులో నేను తప్ప అందరూ తెల్లవాళ్ళే.

విచారణ కొద్దిరోజులే సాగింది. కేషియర్ పెద్దావిడ, భయపడిన మనిషి, ఆవిడ మీద నాకు జాలే కలిగింది. దొంగ టోపీ కళ్ళదాకా లాక్కున్నాడని చెప్పింది. బంకు లైట్లలో సగం ఆ రోజు వెలగలేదని కూడా చెప్పింది. పోలీసులు ఫోటోలు చూపించినప్పుడు ముందు వేరొకతని ఫోటో మీద వేలు పెట్టి, తర్వాత ఇతని మీదికి మార్చిందట. కత్తి దొరకలేదు. డబ్బూ దొరకలేదు.

తర్వాత డిటెక్టివ్ సాక్ష్యం. ఇతని ఫోటో ఆ కట్టలో ఎందుకు పెట్టారని అడిగితే, "ఇతను మాకు ముందునుంచీ తెలిసినవాడే," అన్నాడు. డిఫెన్స్ లాయరు అబ్జెక్షన్ అని అరిచాడు. జడ్జి సస్టెయిన్డ్ అన్నాడు, అంటే అభ్యంతరం సరైనదేనని. మా వైపు తిరిగి, ఆ మాట విననట్టే వదిలెయ్యాలని, తీర్పులో దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని చెప్పాడు. డిటెక్టివ్ మొహంలో తప్పు చేసిన బాధేమీ కనపడలేదు. చెప్పదలుచుకున్నది చెప్పేశాడు.

జ్యూరీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక మొదట వినపడింది ఆ వదిలెయ్యమన్న మాటే. ఫర్నిచర్ షాపు మేనేజరొకాయన ఎవరూ అడక్కుండానే జ్యూరీకి పెద్దగా ఫోర్‌మన్ కుర్చీలో కూర్చుని, "పోలీసులకి ముందే తెలుసు కదా, ఇంకా చర్చేముంది?" అన్నాడు. కోటు కూడా విప్పలేదు. మర్నాడు మిషిగన్‌లో జింకల వేట మొదలవుతుంది. మగవాళ్ళలో సగంమంది మాటలు ఉత్తరాన ఉన్న క్యాబిన్ల మీదా, తుపాకుల మీదా, ఈ ఏడు మంచు ఎంత పడిందన్న దాని మీదా నడుస్తున్నాయి. మధ్యలో, నేరం చేశాడనేవాళ్ళు చేతులెత్తమంటే ఎత్తారు. నేనొక్కదాన్నే ఎత్తలేదు.

అందరూ నా వైపు తిరిగారు. కోపంగా కాదు, బస్సులో టిక్కెట్టు తీసుకోవడం తెలియని మనిషిని చూసినట్టు. ఫోర్‌మన్ నాకు అర్థమయ్యేలా నిదానంగా, కాస్త గట్టిగా, కేసు మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. నాకు అర్థమైందనీ, అందుకే చెయ్యి ఎత్తలేదనీ అన్నాను. డిటెక్టివ్ మాట లెక్కలోకి తీసుకోవద్దని జడ్జి చెప్పాడు కదా అన్నాను. అది తీసేస్తే మిగిలేది చీకట్లో చూసిన ఒక మొహం, ముందు వేరే ఫోటో మీద పెట్టిన ఒక వేలు.

"మా ల్యాబ్‌లో ట్యూబ్ మీద పేరు అనుమానంగా ఉంటే మేం ఆ రక్తాన్ని పరీక్షించం," అన్నాను. "పారబోసి మళ్ళీ తీస్తాం. పేషంటు ఎంత విసుక్కున్నా సరే."

"ఇది ల్యాబ్ కాదమ్మా," అన్నాడు ఫోర్‌మన్.

నా పక్కన కూర్చున్న ఒకావిడ, రోజూ ఇంట్లో చేసిన కుకీలు తెచ్చి అందరికీ పంచిన మనిషి, నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "చూడమ్మా, నీకు వీళ్ళ సంగతి తెలీదు. మీవాళ్ళు వేరు. కష్టపడి పనిచేస్తారు, పిల్లల్ని చదివించుకుంటారు. మిమ్మల్ని వీళ్ళతో కలిపి ఎవరు చూస్తారు?" అంది. మెచ్చుకుంటున్నానే అనుకుంది పాపం. ఆ చెయ్యి వెచ్చగా, మెత్తగా ఉంది. నాకు మాత్రం జెర్రి పాకినట్టయింది. బేస్‌మెంట్‌లో చేపల పులుసుతో పాటు విన్న మాటే ఇప్పుడు కుకీతో కలిపి వడ్డించారు. నెమ్మదిగా చెయ్యి తీసుకున్నాను.

మధ్యాహ్నానికి ఒకాయన, రిటైరైన బస్సు డ్రైవరు, నా వైపు వచ్చాడు. తనకీ ఆ ఫోటోల సంగతి అనుమానంగానే ఉందన్నాడు. నాకు కొంత ధైర్యం వచ్చింది. సాయంకాలానికి గోడ గడియారం చూసుకుని, మళ్ళీ అటు చెయ్యి ఎత్తాడు. ఎందుకని అడిగాను. "అనుమానం పోలేదు," అని ఒప్పుకున్నాడు. "కానీ మా అన్నదమ్ములంతా క్యాబిన్‌లో నాకోసం చూస్తున్నారు. నువ్వూ ఎత్తేస్తే అందరం ఇంటికెళ్ళొచ్చు." ఆ మాటలో సిగ్గు ఇసుమంతైనా లేదు. ఒక మనిషి ఎన్నేళ్ళు జైల్లో ఉండాలన్నది, తను ఏ జింకని కొట్టాలన్న దానికంటే చిన్న విషయం అతనికి. ఆ గదిలో కాఫీ వాసన, తడి ఊలు కోట్ల వాసన, ఎవరో కొరికి వదిలేసిన శాండ్‌విచ్ వాసన, అన్నీ కలిసి నా గొంతులోకి ఎగదన్నాయి. బాత్రూమ్‌లోకి వెళ్ళి కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాను. అద్దంలో మొహం చూసుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

తీర్పు ఏకగ్రీవం కావాలి. కుదరడం లేదని ఫోర్‌మన్ జడ్జికి కబురు పంపాడు. జడ్జి మమ్మల్ని పిలిచి, ఒకరి మాట ఒకరు ఓపిగ్గా వినమని, అలాగని నిజంగా నమ్మినదాన్ని ఎవరూ వదులుకోనక్కర్లేదని చెప్పి మళ్ళీ పంపాడు. వాళ్ళు మొదటి ముక్కే విన్నారు, నేను రెండోది విన్నాను. మర్నాడు కూడా కూర్చున్నాం. ఆ రోజు నాతో ఎవరూ మాట్లాడలేదు. కుకీల డబ్బా నా ముందునుంచి అవతలికి వెళ్ళిపోయింది. చివరికి జడ్జి మిస్‌ట్రయల్ అని ప్రకటించాడు. అంటే ఈ విచారణ చెల్లదు, కావాలంటే ఇంకో జ్యూరీతో మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. ముద్దాయి తల వంచుకుని బల్ల మీద నుదురు ఆనించాడు. అది సంతోషమో నీరసమో నాకు తెలియలేదు.

బయట వరండాలో ప్రాసిక్యూటర్ ఎదురుపడ్డాడు. ఒప్పుకోనిది నేనేనని అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు. మర్యాదగానే పలకరించాడు. "మీ నుంచి ఇది అనుకోలేదండీ," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ మాటకి అర్థం డిఫెన్స్ లాయరు చెప్పాడు. అతను లిఫ్టు దగ్గర నాకోసం ఆగి ఉన్నాడు. ఎంపికప్పుడు లోపలి గదిలో ఏం జరిగిందో తెలుసుకోవాలని ఉందా అని అడిగాడు. ఉందన్నాను.

"నల్లవాళ్ళందర్నీ ఏరి తీసేస్తున్నాడని నేను అభ్యంతరం చెప్పాను. కారణం చెప్పనక్కర్లేదని చట్టమే అంటోంది కదా అన్నాడతను. పైగా, జ్యూరీలో తెల్లజాతి కాని రంగు మనిషిని ఉంచానుగా, అదిగో, అని మిమ్మల్ని చూపించాడు."

బాక్సులో కూర్చున్న ఇన్నిరోజులూ నన్ను ఎందుకు ఉంచారో నాకు తెలియదు. నా జవాబులు నచ్చాయనుకున్నాను. నా చదువు, నా ఉద్యోగం చూసి ఉంచారనుకున్నాను. నేను ఆ టీచర్ కుర్చీని కప్పడానికి వేసిన గుడ్డనన్నమాట. ఆవిణ్ణి తీసెయ్యడానికీ ఆవిడ చర్మమే, నన్ను ఉంచడానికీ నా చర్మమే. ఆ లాయరు ఇంకా ఏదో చెబుతున్నాడు, డిటెక్టివ్ చెప్పిన 'తెలిసినవాడు' సంగతి ఏమిటంటే, ఆ కుర్రాణ్ణి పదహారేళ్ళప్పుడు ఇంకెవరో అనుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళి ఆ సాయంత్రమే వదిలేశారట. వింటూనే పార్కింగ్ లాట్‌లోకి నడిచాను. కారు ఎక్కి చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన స్టవ్ ఆపేసి వచ్చి ఎదురుగా కూర్చున్నారు. "అయినా నువ్వు ఆపావు కదా," అన్నారు.

ఆపాననే నేనూ అనుకున్నాను. చలికాలం వెళ్ళాక ఉండబట్టలేక ఆ లాయరుకి ఫోన్ చేశాను. రెండో విచారణ జరగలేదన్నాడు. ప్రాసిక్యూటర్ చిన్న నేరం ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుందని బేరం పెట్టాడు. కుర్రాడు ఒప్పేసుకున్నాడు.

"నిజంగా అతనే చేశాడా?" అని అడిగాను.

"చెయ్యలేదనే నాకు ఇప్పటికీ చెబుతాడు," అన్నాడు లాయరు. "ఇంకో పన్నెండుమంది ముందు కూర్చోవడానికి భయపడ్డాడు. ఈసారి మీలాంటివాళ్ళు ఉంటారో లేదో అని."

తర్వాత బేస్‌మెంట్ ప్రార్థనలకి వెళ్ళడం నేను బాగా తగ్గించేశాను. అడిగినవాళ్ళకి ల్యాబ్‌లో ఆదివారం డ్యూటీ అని చెప్పేదాన్ని. కొన్నిసార్లు నిజంగానే డ్యూటీ అడిగి వేయించుకున్నాను.

ఎనభైల మధ్యలో చట్టం మారింది. జాతిని బట్టి జ్యూరర్లను తీసేయకూడదని, ఎదుటివాళ్ళు అభ్యంతరం చెబితే కారణం చూపించాలని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి, మా ల్యాబ్ గదిలో గోడకి అంటించాను. ఆ మరుసటేడు నాకు మళ్ళీ జ్యూరీ పిలుపొచ్చింది. ఈసారి వెళ్ళేటప్పుడు, మారిన చట్టాన్ని కళ్ళారా చూద్దామన్న ఆశ కొంచెం ఉంది.

నేను బాక్సు దాకా వెళ్ళనేలేదు. ముందు వరసలో కూర్చుని చూశాను. ఇంకో కోర్టు గది, ఇంకో ప్రాసిక్యూటర్. ఒక నల్లజాతి ఆవిణ్ణి, బ్యాంకులో పనిచేస్తుందట, తీసెయ్యాలన్నాడు. అవతలి లాయరు అభ్యంతరం చెప్పాడు. ఇద్దరూ జడ్జి బల్ల దగ్గరికి వెళ్ళారు. గది చిన్నది, గొంతులు తగ్గించినా ముందు వరసకి వినపడుతూనే ఉంది. కారణమేమిటని జడ్జి అడిగాడు.

"నేను ప్రశ్నలడుగుతుంటే ఆవిడ నా కళ్ళలోకి చూడలేదండీ," అన్నాడు ప్రాసిక్యూటర్.

జడ్జి ఒక క్షణం కూడా ఆలోచించలేదు. సరే అన్నాడు. కారణం చెప్పమన్నారు, చెప్పారు, అయిపోయింది. అబద్ధానికి ఇప్పుడు ఒక మాట ఎక్కువ ఖర్చు, అంతే. నా నోట్లో చేదు ఊరింది. ఆ శుభ్రమైన పాలిష్ నేల మీద ఉమ్మెయ్యాలనిపించింది. జీవితంలో ఒక్కసారైనా అలా అనిపించిన మనిషిని కాదు నేను.

ఆవిడ బాక్సు దిగి, హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, మా వరస పక్కనుంచి బయటికి నడిచింది. కోర్టులో మాట్లాడకూడదని తెలుసు. అయినా లేచి ఆవిడ వెనకే తలుపు దాకా వెళ్ళాను.

"మీరు అతని కళ్ళలోకే చూశారు," అన్నాను. "నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా చూపు తిప్పలేదు మీరు."

ఆవిడ ఆగింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఈ చీర కట్టిన మనిషి ఎవరా అనుకుని ఉంటుంది.

"తెలుసు," అంది. "చూడకూడదనే అనుకున్నాను మొదట. ఎక్కువ చూస్తే పొగరు అంటారని."

తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. లోపల గుమస్తా తర్వాతి పేరు పిలుస్తున్నాడు.